వేరు పొయ్యి

పాలిమర్ క్లే పేరులో మట్టి ఉంది గానీ అందులో చిటికెడు మట్టి కూడా లేదు. మీ ఇంటి గోడ వెంట నీళ్ళు తెచ్చే పీవీసీ పైపు ఉంది చూడండి, అదే దీనికీ మూలం. ఆ ప్లాస్టిక్ పొడిలో దాన్ని మెత్తబరిచే నూనెలాంటి ద్రవం, రంగులు కలిపి ముద్ద చేస్తారు. గాలికి ఆరదు. నీళ్ళకు కరగదు. మూత పెట్టి ఉంచితే నెలల తరబడి మెత్తగానే ఉంటుంది. రకాన్ని బట్టి 110 నుంచి 130 డిగ్రీల వేడిలో ఓ అరగంట ఉంచితే మాత్రం లోపలి రేణువులన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని గట్టిపడిపోతుంది. కుమ్మరి ఆవం వేడితో పోలిస్తే ఇదసలు వేడే కాదు. ఇంట్లో కేకు చేసుకునే కరెంటు ఓవెన్ చాలు.

పేరొకటి, లోపలి సరుకొకటి అయిన ఈ పదార్థంతో నేను 2012 నుంచి కమ్మలు, లాకెట్లు, బొమ్మలు చేసి అమ్ముకుంటున్నాను. పేరు చూసి లోపలి సరుకును తేల్చేసే మనుషుల మధ్య అంతకు చాలా ముందు నుంచే బతుకుతున్నాను.

మా నానీ నల్గొండ జిల్లా పల్లెల్లో గాజులమ్మేది. భుజాన మలారం వేసుకుని పొద్దున్నే బయల్దేరేది. బతుకమ్మ ముందు, పెళ్ళిళ్ళ ముందు కాలు నిలిచేది కాదట. ఏ ఇంటికి పోయినా అరుగు మీద కూర్చోబెట్టి, "బూబమ్మా, నా చెయ్యి మొరటుది, పగలకుండ ఎక్కియ్యి" అని చెయ్యి చాపేవాళ్ళు. నానీ ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, కణుపుల దగ్గర పిసికి మెత్తబరిచి, ఒక్కో గాజూ ఎక్కించేది. పెద్ద కులాల ఆడవాళ్ళు, చిన్న కులాల ఆడవాళ్ళు అందరూ ఆ చేతిలో చెయ్యి పెట్టినవాళ్ళే. దప్పికైతే మాత్రం కొన్ని ఇళ్ళల్లో నీళ్ళు పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు. చెయ్యి పట్టుకోవచ్చు, చెంబు ముట్టుకోకూడదు. నానీ ఈ సంగతి ఎప్పుడూ ఫిర్యాదుగా చెప్పలేదు. వానాకాలంలో బురద గురించి చెప్పినట్టే చెప్పేది.

అమ్మీని పట్నంలో లక్క గాజుల వాళ్ళింటికి ఇచ్చారు. లాడ్ బజార్‌కు నడిచిపోయేంత దూరంలో మా ఇల్లు. చార్మినార్‌కు పడమర ఆ వీధిలో మీరు చూసేది గాజు పెట్టెల్లో మెరుపు. మేం చూసింది పొగ. బొగ్గుల కుంపటి మీద లక్కను మెత్తబరిచి, చెక్కతో దొర్లించి కడ్డీ చేసి, వలయంగా వంచి, కొనలు వేడి మీదే అతుకుతారు. చల్లారకముందే సన్నటి మొనతో రాళ్ళు ఎత్తి ఒక్కొక్కటే కూరుస్తారు. చల్లారితే మళ్ళీ వెచ్చ చేయాలి. అబ్బా వేళ్ళ చివరల చర్మం చచ్చిపోయి గీతలు పోయాయి. ఆధార్ కార్డుకు వేలిముద్రలు తీసే రోజున ఆ మిషను అబ్బాను చాలాసేపు ఒప్పుకోలేదు. ఈ దేశంలో మనిషినని రుజువు చూపించడానికి గాజులు చేసిన వేళ్ళు పనికిరాలేదని అబ్బా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ మా గల్లీ గురించి గొప్పలే చెబితే అబద్ధమవుతుంది. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు రెండు వందల మందికి పైగా పిల్లల్ని బయటికి తెచ్చారు. ఎక్కువమంది బీహార్ నుంచి తెచ్చినవాళ్ళు. పెళ్ళికూతురి జోడాలో మెరిసే రాయిని ఏ వేలు కూర్చిందో అడగకుండానే మన ఆచారాలు గడిచిపోతాయి, వాళ్ళవీ మనవీ కూడా. ఆడపిల్లలం మేం ఇంట్లో కూర్చుని జతల లెక్కన రాళ్ళు అంటించాం. దుకాణంలో కూర్చునేది మగవాళ్ళే. మా వేళ్ళకు పనుంది, మా పేరుకు పనిలేదు.

క్లే నాకు దొరికింది జెద్దా నుంచి. మా ఖాలా కొడుకు సెలవుకొస్తూ పిల్లలకని ఓ రంగుల పెట్టె తెచ్చాడు. పిల్లలు రెండు రోజులు పిసికి వదిలేశారు. నేను పట్టుకున్నాను. దాని మీద ఫీమో అని ఉంది, జర్మనీ సరుకు. తర్వాత దీని పుట్టుక తెలుసుకున్నాను. కేతె క్రూసె అని బొమ్మలు చేసే ఆవిడ ఉండేది జర్మనీలో. 1930ల చివర బొమ్మల తలలకు వాడే ముడిసరుకు కరువైనప్పుడు ఈ ప్లాస్టిక్ ముద్ద ఆమె దగ్గరికొచ్చింది. ఆమె కార్ఖానాకు అది నప్పలేదు. కూతురు సోఫీ, ఇంట్లో పిలుపు ఫీఫీ, దాంతో ఆడుతూ ఆడుతూ ఒక పద్ధతి కనిపెట్టింది. 1964లో దాన్ని ఎబర్‌హార్డ్ ఫాబర్ కంపెనీకి అమ్మింది. ఫీమో పేరులో ఫీఫీ సగం మిగిలింది. ఆడమనిషి పేరు సగమైనా మిగిలిన సరుకు ఇదొక్కటే కనిపించింది నాకు, ముచ్చటేసింది.

పనిలోకి దిగితే ఇది లక్కకు చుట్టమే. చేతి వెచ్చదనానికే లొంగుతుంది. మొదట పిండి మర్దించినట్టు మర్దించాలి. సరిగ్గా మర్దించకపోతే వంచగానే అంచుల్లో బీటలు. సేమ్యాలు, పాస్తా చేసుకునే చిన్న చేతి మిషనులో వేసి పలకలు తీస్తాను. రెండు రంగుల్ని త్రికోణాలుగా కోసి ఎదురెదురుగా పెట్టి, ఒకే వైపు మడుస్తూ పాతిక ముప్పై సార్లు మిషనులో తిప్పితే పసుపు మెల్లగా ఎరుపులోకి పోతుంది, ఎక్కడ మారిందో గీత కనపడదు. జూడిత్ స్కిన్నర్ అనే అమెరికన్ ఆవిడ పేరు మీద చెలామణి అవుతున్న పద్ధతి ఇది. తెల్లరంగుతో పని ముందు చేసుకోవాలి, నలుపు చివర. నలుపు ముట్టుకున్న చేత్తో తెలుపు ముట్టుకుంటే ఇక అంతే. తెలుపు మీద దుమ్ము, వెంట్రుక, ఓణీ పోగు, అన్నీ వాలతాయి.

నాకిష్టమైంది కేన్. రంగు రంగుల కడ్డీలను పక్కపక్కన పేర్చి, లోపల పువ్వో నక్షత్రమో వచ్చేట్టు ఒక లావుపాటి దిమ్మె కట్టాలి. తర్వాత నలువైపులా మెల్లగా నొక్కుతూ సాగదీయాలి. గుప్పెడంత లావు దిమ్మె చిటికెన వేలంత సన్నబడుతుంది, లోపలి పువ్వు చెదరదు, వాకిట్లో ముగ్గు గోరంతైనట్టు. ఎక్కడ కోసినా అదే పువ్వు. నేను రంగులు ఎత్తుకునేది బాద్‌షాహీ ఆషూర్‌ఖానా గోడల మీది పెంకుల నుంచి. కుతుబ్‌షాహీల కాలం నాటి ఆ ఆవపసుపు, ఆ నీలం, ఆ గోధుమరంగు నాలుగు వందల ఏళ్ళయినా అక్కడ వెలుగుతున్నాయి. 57 గ్రాముల పొట్లం రెండు మూడొందలు పెట్టి కొనే పరాయి దేశపు ముద్దలో మా మొహర్రం రంగులు పట్టుకోవడం నాకు గర్వమే. నల్గొండలో పీర్ల ముందు అలాయి ఆడినవాళ్ళలో సగానికి పైగా హిందువులే అని నానీ చెప్పేది. అందుకని 'మా' రంగులు అనడంలో కూడా కాస్త తడబడతాను.

ఇక ఓవెన్ సంగతి. దీంట్లో ఓవెనే గురువు, ఓవెనే దొంగ. డయల్ మీద 110 అని ఉంటుంది, లోపల 140 ఉంటుంది. అందుకే లోపల పెట్టే థర్మామీటరు ఒకటి విడిగా కొన్నాను, అది చెప్పిందే మాట. వేడి తక్కువైతే వస్తువు పైకి గట్టిగా కనపడుతుంది, నెల తర్వాత పుటుక్కున విరుగుతుంది. మరీ ఎక్కువైతే మాడి, ఘాటైన ఆమ్లపు పొగ వస్తుంది. అది పీల్చకూడదు. మితంగా కాలిస్తే భయం లేదు గానీ, తిండి వండే ఓవెన్‌లో దీన్ని కాల్చకపోవడమే మేలని పని తెలిసినవాళ్ళంతా చెబుతారు. దీన్ని కోసిన చాకుతో కూరగాయలు కోయకూడదు, దీన్ని ఒత్తిన మిషనులో మళ్ళీ సేమ్యాలు తీయకూడదు. నేను మొదటి నుంచీ వేరు ఓవెన్ పెట్టుకున్నాను. బాల్కనీలో ఓ మూల ఉంటుంది. అందులో ఇంతవరకు రొట్టె ముక్క కూడా వేడి చేయలేదు.

2019లో ఒక కాలనీ హాల్లో చేతిపనుల ప్రదర్శన. నా బల్ల దగ్గర ఒకావిడ చాలాసేపు నిలబడింది. నెమలి రంగు కేన్‌తో చేసిన కమ్మలు చెవికి పెట్టుకుని అద్దంలో చూసుకుంది. "ఎంత బాగా చేశావమ్మా, నీ చేతులకు దండం పెట్టాలి" అంది. నిజంగానే అంది. నాకు కడుపు నిండింది. డబ్బు ఫోన్‌తో పంపడానికి కోడ్ స్కాన్ చేసింది. స్కాన్ చేయగానే తెర మీద పేరొస్తుంది కదా. నా పేరు వచ్చింది. బొట్టు లేని నా నుదురు అంతవరకు ఫ్యాషన్ అనుకుందేమో. "ఓ... మీరు..." అని ఆగింది. నా తెలుగు మీద ఒక మెచ్చుకోలు పడేసింది. పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న భాషకు మెచ్చుకోలు అందుకోవడం మాకు అలవాటే. తర్వాత గొంతు తగ్గించి అడిగింది: "ఇవి ఓవెన్‌లో పెడతారన్నావు కదా. మరి ఆ ఓవెన్‌లో... మీ ఇంట్లో వండేవి కూడా పెడతారా?"

నేను నిజమే చెప్పాను. లేదమ్మా, దీనికి వేరే ఓవెన్ ఉంది, తిండి పెట్టను అని. ఆమె ముఖం విప్పారింది. "అట్లా అయితే పర్లేదు" అని డబ్బు పంపి, కమ్మలు పెట్టుకునే వెళ్ళిపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ప్లాస్టిక్ అన్నంలోకి రాకుండా నేను పెట్టుకున్న వేరు పొయ్యి, నా అన్నం ఆమె కమ్మల్లోకి రాకుండా కాపలా అయిపోయింది. నేను చెప్పిందొకటి, ఆమె విన్నదొకటి. ఇద్దరి మధ్య బేరం కుదిరింది. నానీ దోసిట్లో నీళ్ళు పోసిన ఇంటికి, ఈ హాలుకు మధ్య ఎన్నేళ్ళు! తమాషా ఏమిటంటే, లక్క అనేది పురుగు స్రవించేది. కుసుమ, మోదుగ, రేగు చెట్ల మీద ఆ పురుగులు కట్టుకున్న పెంకు. దాన్ని శుద్ధి చేసిన షెల్లాక్‌నే మిఠాయి బిళ్ళల మీద, మందు మాత్రల మీద మెరుపు పూతగా వాడతారు. మా అబ్బా కుంపటి పక్కనే అన్నం గిన్నె వెచ్చబెట్టుకునేవాడు, అందులో ఏముందని ఏ పెళ్ళివారూ అడగలేదు. లక్క గాజు సాయిబుల పని అని ముందే తెలుసు, తెలిసే కొంటారు. పురుగూ లేని, చెట్టూ లేని ఈ ప్లాస్టిక్ కమ్మ దగ్గరే అనుమానం వచ్చింది. మా చేతులు వారసత్వంగా చేస్తే కళ. కొత్తగా ఏదైనా పట్టుకుంటే మాత్రం, చేసిందెవరని చూస్తారు.

ఇది ఒక వైపు. ఇంకో వైపు మా ఆపా.

వినాయక చవితి ముందు కార్లలో పెట్టుకునే బుల్లి వినాయకులకు గిరాకీ ఎక్కువ. ఒక దుకాణాయన నలభై అడిగాడు. చేశాను. బొజ్జ, తొండం, ఆవగింజంత కళ్ళు. తొండం వంపు దగ్గర లోపల సన్న తీగ పెట్టాలి, లేకపోతే కాలేటప్పుడు వాలిపోతుంది. ట్రేలో వరసగా నలభై మంది కూర్చుని ఉండగా ఆపా వచ్చింది. "తౌబా! ప్రాణమున్న వాటి రూపాలు చేయడమే తప్పు. అందులో బుత్‌లు చేస్తావా?" అంది. చేయడం, మొక్కడం ఒకటి కాదన్నాను. ప్రాణం పోసేవాడు అల్లా, ఆ పోలిక తేవడమే గునాహ్ అంది. హజ్రత్ ఆయిషా బొమ్మలతో ఆడుకున్న హదీసు గుర్తు చేశాను. అది చిన్నపిల్లల ఆట, ఇది వ్యాపారం అంది. ఆపా చెప్పేదాన్ని నేను ఎగతాళి చేయను. చదువుకున్న మనిషి, తను నమ్మింది చెబుతుంది. కానీ అద్దె కట్టే రోజున ఆ మాట నాతోపాటు నిలబడదు. అదీగాక, ఆపా మూడేళ్ళ మనవరాలికి నేను చేసిన క్లే చిలక తన చేతులతోనే పట్టుకెళ్ళింది. చిలకకు ప్రాణం లేదా?

దుకాణాయన ఆపాకంటే తేలిగ్గా మాట్లాడాడు. సరుకు చూసి మురిసిపోయాడు. "అయితే అమ్మా, ఈ పేరు కార్డు పొట్లంలో వద్దు. నాకేం లేదు, కొనేవాళ్ళు ఒక్కోలా ఉంటారు" అన్నాడు. ఇట్లా అనేవాళ్ళకు తమకెప్పుడూ ఏమీ ఉండదు. ఆపా చేయొద్దంటుంది, ఆయన చేసి చెప్పొద్దంటాడు. ఇద్దరి లెక్కలోనూ నా పేరూ ఆ బొమ్మా ఒకచోట ఉండకూడదు.

కార్డులు తీసేశాను. అయితే ఈ ముద్దకు ఒక గుణం ఉంది. పచ్చిగా ఉన్నప్పుడు దేన్ని ఒత్తినా ఆ గుర్తు పట్టుకుంటుంది, గోటి గీతతో సహా. ఒకసారి కాలాక మళ్ళీ ముద్ద కాదు. లక్కయితే వెచ్చ చేసి చెరిపేయొచ్చు. ఇక్కడ చెరపాలంటే చెక్కేయాల్సిందే. అబిడ్స్‌లో రబ్బరు స్టాంపులు చేసే ఆయన దగ్గర గోరంత ముద్ర చేయించుకున్నాను. నా పేరు, తెలుగు అక్షరాల్లో. కమ్మకైతే వెనక, వినాయకుడికైతే పీఠం కింద ఒత్తి అప్పుడు ఓవెన్‌లో పెడుతున్నాను. అబ్బా చూసి, ఉర్దూలో కూడా వేయించాల్సింది అన్నాడు. గోరంత చోటులో రెండు లిపులు పట్టవన్నాను. లాకెట్లకు పడతాయి కదా అన్నాడు. నిజమే, లాకెట్లకు పడతాయి.

ఆ దుకాణాయన ఈ ఏడాది ఇంకా కబురు పెట్టలేదు. వేరే ఇద్దరు పెట్టారు. ఇప్పుడు మే నెల, క్లే చేతికి అంటుకుపోతోంది, కోస్తే పువ్వు నలిగిపోతోంది. కేన్లను బిగుతు మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో చల్లబరిచి, పొద్దున ఫజర్ నమాజ్ అయ్యాక కోస్తున్నాను. ఆ వేళకు గదిలో కాస్త చల్లగా ఉంటుంది.