కోనసీమ మండువా ఇల్లు, వదినగారి లెక్కల పుస్తకం

రాజమండ్రి నుంచి అమలాపురం బస్సెక్కితే జొన్నాడ దగ్గర గౌతమి మీద వంతెన వస్తుంది. అది దాటామా, రావులపాలెం. అరటి గెలల లారీలు, రోడ్డు పక్క దుకాణాల్లో ఆత్రేయపురం పూతరేకులు. అక్కణ్ణించి ఇక రెండు వైపులా కొబ్బరి తోటలూ, కాలవలూనూ. మా వారి అక్కగారి ఊరు అంబాజీపేట దగ్గర. అక్కడి కొబ్బరి మార్కెట్టు పేరు వినని తెలుగువాళ్ళు తక్కువే.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పాత ఇల్లు బాగు చేయించి చూడమని వాళ్ళు అనలేదు గానీ, నన్నడిగితే అది ఇంకా కష్టం. వదినగారు ఆ పని ఎలా నెగ్గుకొచ్చారో చూసి వచ్చాక మన అక్కచెల్లెళ్ళకి చెప్పకుండా ఉండలేకపోయాను.

వాళ్ళది మండువా ఇల్లు. చూడని వాళ్ళ కోసం చెబుతున్నా. నాలుగు వైపులా గదులు, వసారాలు. కప్పు లోపలికి వాలి ఉంటుంది. నడుమ ఆకాశం కనిపించే చదరం. వాన పడితే నాలుగు చూరుల నీళ్ళూ అందులోకే దిగి, తూములోంచి దొడ్లోకి పోతాయి. ఎండాకాలం మధ్యాహ్నం కూడా చల్లగా ఉంటుంది. 1996 నవంబరు 6 తుఫానులో ఆ చుట్టుపక్కల కొబ్బరి తోటలు నేలకూలినప్పుడు ఈ ఇంటి పెంకులూ సగం ఎగిరిపోయాయట. అప్పుడు డబ్బులేక ఒక పక్క రేకులు వేశారు. ఆ రేకులే నిన్నమొన్నటి దాకా ఉన్నాయి.

వదినగారి అత్తగారికి ఎనభై నాలుగేళ్ళు. మరుగుదొడ్డి పెరటి చివర. ఒక వానరాత్రి పెద్దావిడ జారిపడ్డారు. ఎముక విరగలేదు గానీ ఇంట్లో అందరికీ గుండె జారింది. హైదరాబాదులో ఉన్న అబ్బాయి, "పడగొట్టి డాబా వేసేద్దాం అమ్మా, అప్పు నేను తెస్తాను" అన్నాడు. పెద్దావిడ మాత్రం, "నేను పోయాక పడగొట్టుకోండర్రా" అని ముఖం తిప్పుకున్నారు.

వదినగారు ఎవరినీ కాదనలేదు. తాపీ మేస్త్రినీ, వడ్రంగి మేస్త్రినీ విడివిడిగా పిలిచి, గది గదికీ ఎంతవుతుందో చెప్పించుకుని పుస్తకంలో రాసుకున్నారు. దూలాలు రాయిలా ఉన్నాయి, వాసాలే పుచ్చాయి అన్నాడు వడ్రంగి. కప్పుకి 3 లక్షల 20 వేలు. పెద్దావిడ గది పక్కనే స్నానాల గది, మరుగుదొడ్డికి 1 లక్షా 10 వేలు. కరెంటు తీగలు మార్చడానికి 60 వేలు. వంటింటికి 1 లక్షా 40 వేలు. గచ్చుకి 80 వేలు. మొత్తం 7 లక్షల 10 వేలు.

ఇక డబ్బు మాట. బ్యాంకులో ఇంటి అప్పు అడిగితే ముందు కాగితాలు అడిగారు. ఇల్లు తాతగారి నాటిది, పైగా గ్రామకంఠం స్థలం. పల్లెల్లో ఇలాంటి ఇళ్ళకి తరతరాలుగా ఉంటున్నా రిజిస్టరు దస్తావేజులు ఉండవు. అందుకని బ్యాంకులు వెనకాడతాయి. 2020లో కేంద్రం స్వామిత్వ పథకం మొదలుపెట్టింది ఇలాంటి ఇళ్ళు కొలిచి ఆస్తి కార్డులు ఇవ్వడానికే. మీదీ పల్లెలో ఇల్లయితే ఆ కార్డు సంగతి పంచాయతీలో కనుక్కోండి. వదినగారి ఇంటికి అది ఇంకా చేతికి రాలేదు.

ఊళ్ళో ఒకాయన నూటికి రెండు రూపాయల వడ్డీకి ఎంతైనా ఇస్తానన్నాడు. రెండు రూపాయలేగా అనిపిస్తుంది. నెలకి రెండంటే ఏడాదికి 24. మూడు లక్షలకి నెలకి 6 వేలు. అయిదేళ్ళు కట్టినా అది వడ్డీ మాత్రమే, 3 లక్షల 60 వేలు. అసలు అలాగే ఉంటుంది! అన్నయ్యగారు రిటైరయిన మాస్టారు. పింఛను వచ్చే బ్యాంకులోనే పింఛను మీద అప్పు అడిగారు. నూటికి ఏడాదికి పది చొప్పున అయిదేళ్ళకి 3 లక్షలు తీసుకుంటే నెల వాయిదా 6,374 రూపాయలు. అరవై వాయిదాలతో అసలూ వడ్డీ రెండూ తీరిపోతాయి. నెలకి 374 రూపాయల తేడాలో అప్పు తీరడం, తీరకపోవడం ఉందన్నమాట. వదినగారు ఈ లెక్క చూపిస్తే నేను నోరు వెళ్ళబెట్టాను.

"మరి బంగారం పెట్టొచ్చుగా వదినగారూ, వడ్డీ తక్కువంటారు?" అన్నాను.

"తక్కువేనమ్మాయ్. కానీ చాలా చోట్ల ఏడాదిలో అసలంతా కట్టాలి. కట్టలేకపోతే మళ్ళీ తిరగరాయించడం, కాదంటే వేలం. రెండు నెలల్లో చేతికొచ్చే డబ్బుందంటే పెట్టు. అయిదేళ్ళ పనికి ఏడాది అప్పు పనికిరాదు" అన్నారు. నగలో రాళ్ళకీ, మజూరీకీ విలువ కట్టరన్నది కూడా గుర్తుంచుకోవాలి. పెద్దావిడ కాసులపేరు పెట్టెలోనే ఉండిపోయింది.

చేతిలో డిపాజిట్టు 2 లక్షలు. అప్పు 3 లక్షలు. అటక మీది పాత కలప, అక్కర్లేని ఇత్తడి గంగాళాలు అమ్మితే 40 వేలు. వెరసి 5 లక్షల 40 వేలు. కప్పు, స్నానాల గది, కరెంటు కలిపి 4 లక్షల 90 వేలు. మిగిలిన 50 వేలు ముట్టుకోకుండా పక్కన పెట్టారు. పాత కప్పు విప్పితే లోపల ఏముంటుందో మేస్త్రికి కూడా తెలియదు కదా! అనుకున్నట్టే రెండు గోడలు పైన చితికి ఉన్నాయి. ఆ 50 వేలలో 35 వేలు వాటికే పోయాయి. ఆ డబ్బు లేకపోతే పని సగంలో ఆగి, రెండు రూపాయల వడ్డీ ఆయన గుమ్మం ఎక్కాల్సి వచ్చేది.

వంటిల్లూ, గచ్చూ మాత్రం వాయిదా వేశారు. వాటికి కొబ్బరి దింపు డబ్బు. రెండెకరాల తోట, రెండు నెలలకో దింపు. కాయ ధర ఒక ఏడు ఎక్కుతుంది, ఒక ఏడు దిగుతుంది. అందుకే ఆ డబ్బు మీద బ్యాంకు వాయిదా పెట్టలేదు. వదినగారి మాటల్లోనే చెబుతాను: "నెలనెలా తప్పక వచ్చే డబ్బు వాయిదాకి. వస్తే వచ్చినట్టు లేకపోతే లేనట్టు ఉండే డబ్బు, ఆగినా ఫరవాలేని పనికి."

వేసవిలో మొదలుపెట్టి తొలకరికి ముందే కప్పు ముగించారు. సామాను తాము కొనిచ్చి, పని గుత్తకిచ్చారు. అయిన పని చూసుకుని శనివారం శనివారం డబ్బిచ్చి, పుస్తకంలో మేస్త్రి చేత సంతకం పెట్టించుకునేవారు. పగలని పాత పెంకుల్ని కడిగి మళ్ళీ వాడారు. పెద్దావిడ ఇప్పుడు మంచం దిగి నాలుగడుగులు వేస్తే చాలు, గోడకి పట్టుకోవడానికి కడ్డీ కూడా ఉంది. వంటింట్లో మాత్రం పొగచూరిన గోడలే ఉన్నాయి. ఆ వంటింట్లోనే వదినగారు మాకు పనసపొట్టు కూర చేసి పెట్టారు.

మీరూ ఇల్లు బాగు చేయించుకోవాలనుకుంటే ఇవి చూసుకోండి. కప్పు, కరెంటు, మరుగుదొడ్డి ముందు, అందాలు తరవాత. వడ్డీ నెలకా, ఏడాదికా అని విడమరిచి అడగండి. చీటీ పాడి డబ్బు తేవాలనుకుంటే అది 1982 చట్టం కింద రిజిస్టరయిందో లేదో చూడండి. అలాంటి చీటీలో నిర్వాహకుడి కమీషను నూటికి 7కి మించకూడదని 2019లో సవరించారు. అనుకున్న ఖర్చులో పదోవంతు విడిగా ఉంచండి. పుస్తకం మాత్రం మీ చేతిలోనే ఉండాలి. పాలవాడి లెక్క తప్పకుండా రాసే మనకి మేస్త్రి లెక్క ఓ లెక్కా!