గాలికి రెండు దారులు

ఇల్లు చూడబోయిన వాళ్ళెవరైనా మొదట అడిగేది "గాలీ వెలుతురూ బాగా వస్తాయా?" అని. వచ్చిన వెలుతురు ఎటు పోతుందని ఎవరూ అడగరు, అడగనక్కరలేదు కూడా. గాలి సంగతి అలా కాదు. పోయే దారి లేకపోతే వచ్చే దారి ఉండీ ప్రయోజనం లేదు. సంస్కృతంలో కిటికీకి వాతాయనమని ఒక పేరు. గాలి నడిచే దారి అని అర్థం. దారి అన్నాక రెండు కొసలుండాలి కదా!

నాన్నగారు పోయాక అమ్మ హైదరాబాదులో మా దగ్గరికి వచ్చేసింది. మాది మూడో అంతస్తు. అమ్మకు ఉబ్బసం. వచ్చిన నెలకే ఆయాసం హెచ్చింది, అదీ వంటవేళల్లోనే. పోపు ఘాటు పడటం లేదేమోనన్నారు చుట్టాలు. వంటింట్లో ఎగ్జాస్టు ఫ్యాను తిరుగుతూనే ఉందాయె!

కారణం కనిపెట్టింది అమ్మే. డాక్టరు వద్దన్నా దేవుడి దగ్గర ఒక్క అగరువత్తి వెలిగించడం ఆవిడ మానలేదు. ఫ్యాను వెయ్యగానే ఆ పొగ వాలు మారడం గమనించి, "ఒరేయ్, ఇలా రా" అని పిలిచి, అగరువత్తి చేతబట్టుకుని ఇల్లంతా తిరిగింది. స్నానాలగది తలుపు కింది సందు దగ్గర పొగ ఇంట్లోకి వంగింది. వంటింటి కిటికీ దగ్గరా అంతే.

మా వంటింటి కిటికీ, ఫ్యాను, రెండూ భవనం నడుమనున్న డక్టులోకే తెరుచుకుంటాయి. అన్ని అంతస్తుల స్నానాలగదుల ఫ్యాన్లూ అందులోకే ఊదుతాయి. ఏసీ కోసం కిటికీలన్నీ బిగించిన ఇంట్లోంచి ఫ్యాను ఎంత గాలిని బయటికి తోస్తే అంత గాలీ ఎక్కడినుంచో లోపలికి రావాలి. మంచి దారి మూసి ఉంటే చెడ్డ దారిన వస్తుంది: తలుపు సందుల్లోంచి, నీళ్ళు ఎండిపోయిన తూముల్లోంచి. పైగా ఫ్యాను పక్కనే కిటికీ ఉంటే, ఇందులో వచ్చిన గాలి అందులో పోతుంది, పొయ్యి మీది పొగ మాత్రం కదలదు. స్నానాలగదిలో గ్యాసు గీజరున్న ఇళ్ళలో ఇది ప్రాణాలమీదికే రావచ్చు. బయటికి పోవలసిన కార్బన్ మోనాక్సైడు లోపలికే మళ్ళుతుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

మేస్త్రీని పిలిపించాం. వేడిగాలి పైకి లేస్తుంది గనుక వంటింటి బయటిగోడకు, కప్పు దగ్గర, కొత్త రంధ్రం పెట్టి ఫ్యాను అక్కడికి మార్చాలి. డక్టువైపు కిటికీ మూసెయ్యాలి. ఎదురుకొసన హాల్లోని తూర్పు కిటికీని, దోమల తెర బిగించి, తెరిచి ఉంచాలి. అప్పుడు గాలి ఇల్లంతా దాటుకుని పోతుంది.

మేస్త్రీ గోడమీద గుర్తు పెట్టాక అమ్మ బయటికి తొంగి చూసింది. పక్కింటివాళ్ళ పడకగది కిటికీ అక్కడికి నాలుగడుగులు. "ఆ గదిలో పసిపిల్ల పడుకుంటుందిరా. మన పొగ దానికి పంపిస్తామా?" అంది.

ఆవిడ గోదావరి జిల్లాలో మండువా లోగిలిలో పుట్టి పెరిగిన మనిషి. అక్కడ వీధి గుమ్మంలోంచి కొత్తగాలి వచ్చేది, వేడిగాలి మండువాలోంచి పైకి పోయేది. ఎవరి పొగ వాళ్ళ పెంకులమీదుగా ఆకాశంలో కలిసేది. అపార్టుమెంటులో ఆకాశం ఉండవలసిన చోట పక్కవాళ్ళున్నారు. మనం వదిలే చోటు వాళ్ళు పీల్చే చోటవుతుంది. అమెరికాలో ఉన్న మా తమ్ముడు ఫోనులో ఈ సంగతి విని, అక్కడి గృహనిర్మాణ నియమాల్లో గాలి తీసుకునే రంధ్రానికీ పొగగొట్టాల వంటివాటికీ 10 అడుగుల ఎడం ఉండాలని రాసి ఉందన్నాడు. అమ్మకు ఆ నియమం చదవనక్కరలేకపోయింది.

చివరికి రంధ్రం గోడ రెండో కొసన పెట్టించాం. గొట్టం పొడుగైంది, ఖర్చూ పెరిగింది. వంపులు ఎక్కువైతే ఫ్యాను లాగే గాలి తగ్గుతుందని మేస్త్రీ ఒక్క వంపుతో సరిపెట్టాడు. అమ్మ ఉబ్బసం పోలేదు, ఇన్‌హేలరు పక్కనే ఉంటుంది. కానీ ఇప్పుడు వంటవేళ వంటింట్లోనే పీట వేసుకుని కూరలు తరుగుతుంది.

మీరూ ఓ సాయంత్రం గ్యాసు కట్టేసి, కిటికీలు మూసి, వంటింటి ఫ్యాను వేసి, అగరువత్తి పట్టుకుని ఇల్లంతా తిరిగి చూడండి. స్నానాలగదిలో గీజరుంటే ముందు అక్కడికే వెళ్ళండి.