వరండా చివరి కిటికీ దాకా

ఈ ప్రయాణానికి టికెట్టు అక్కర్లేదు. సామానంటారా, ఓ ఫ్లాస్కు, ఓ దుప్పటి, ఎక్స్‌రేలు పెట్టుకున్న పెద్ద కవరు. బయల్దేరేది మంచం దగ్గర. చేరాల్సింది వరండా చివరన ఉన్న కిటికీ. దూరం మనకైతే ఓ నలభై అడుగులు. మోకాలి మార్పిడి ఆపరేషనైన మా అమ్మకు మూడు రోజులు.

హైదరాబాద్‌లో పంజాగుట్ట వైపు ఓ ప్రైవేటు ఆసుపత్రి. మూడో అంతస్తులో ఎముకల వార్డు. మిగతా వార్డుల్లా ఇక్కడ నిశ్శబ్దం ఉండదు. వాకర్ల టకటకలు, ‘ఇంకొక్కటి, ఇంకొక్కటి’ అంటూ ఫిజియోథెరపీ పిల్లల కేకలు, మధ్యలో మూలుగులు. ఆ మూలుగుల్లోనే ఎవరిది ఏ జిల్లానో చెప్పెయ్యొచ్చు. ఖమ్మం నుంచి వచ్చిన పెద్దమ్మకు ‘మస్తు నొస్తాంది’. కర్నూలు రిటైర్డ్ మాస్టారికి ‘శానా నొప్పిగా ఉండాది’. మా అమ్మ పుట్టిల్లు తెనాలి కాబట్టి ఆవిడకు ‘నొప్పెడుతోందిరా’. కేరళ నుంచి వచ్చిన సిస్టరు దగ్గర మాత్రం అందరికీ ఒకటే జవాబు: ‘కొంచెం ఓర్చుకోవాలి.’

మా ఫ్లాటు రెండో అంతస్తు. లిఫ్టు లేదు. ఏడాదిగా అమ్మ వీధి మొహం చూడలేదు. కూరగాయల బండి వస్తే తాడుకు సంచి కట్టి బాల్కనీలోంచి దింపేది. వంకాయలు పుచ్చులొచ్చినా చేసేదేం లేదు. ‘ఏరుకుని కొనుక్కునే భాగ్యం కూడా లేదురా’ అనేది. ఆపరేషనుకు ఒప్పుకున్నది ఆ వంకాయల కోసమేనని నా అనుమానం.

ఆపరేషనంటే మోకాలు మొత్తం తీసేసి కొత్తది పెడతారనుకుంటారు చాలామంది. అది కాదు. అరిగిన ఎముకల కొసలను పలచగా చెక్కి, పై ఎముకకు లోహపు తొడుగు, కింది ఎముకకు లోహపు పళ్ళెం, మధ్యలో గట్టి ప్లాస్టిక్ దిమ్మ అమరుస్తారు. అప్పటి ప్రధాని వాజ్‌పేయి 2000లో ఎడమ మోకాలికి, 2001లో కుడి మోకాలికి ముంబయి బ్రీచ్ క్యాండీలో ఈ ఆపరేషన్ చేయించుకున్నారు. మా ఇంట్లో దీని మాట మొదటిసారి వినబడింది అప్పుడే. ఖర్చు వింటే గుండె గుభేల్‌మనేది. 2017 ఆగస్టులో కేంద్రం, ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి జీఎస్టీ కాక 54,720 రూపాయలు గరిష్ఠ ధరగా పెట్టింది. అంతకుముందు అది లక్షన్నర దాకా ఉండేది. గది అద్దె, డాక్టరు ఫీజు వేరనుకోండి.

ఆపరేషనైన మర్నాడు పొద్దున్నే ఫిజియోథెరపీ అమ్మాయి వాకరుతో వచ్చేసింది. ‘లేవండమ్మా, నడుద్దాం.’

‘నిన్ననే కదమ్మా కోశారు!’ అంది అమ్మ.

అసలు వైద్యం అక్కడే మొదలవుతుంది. కదలకుండా పడుకుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం. మొదటి వారాల్లో వంచని మోకాలు బిగిసిపోతుంది. అందుకే మంచం మీదున్నంతసేపూ పాదాలు పైకీ కిందికీ ఆడిస్తుండాలి. మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బాలోంచి ఊపిరి పీలుస్తూ బంతులు పైకి లేపాలి.

సిస్టర్లకు పేషెంట్లకన్నా చుట్టాలతోనే తలనొప్పి. మనకు ప్రేమంటే మోకాలి కింద మెత్తటి దిండు. కాలు చాపుగా నిలవాలంటే తువ్వాలు చుట్టి మడమ కింద పెట్టాలి. మోకాలి కింద దిండు పెడితే అది ఆ వంపులోనే బిగుసుకుంటుంది. ఖమ్మం పెద్దమ్మ కొడుకులిద్దరూ దిండు పెట్టడం, సిస్టరు వచ్చి లాగేయడం. ‘మా అమ్మను ఏడిపిస్తున్నరు’ అని పెద్దవాడు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

మూడో రోజుకు మా అమ్మ మోకాలు ఎనభై అయిదు డిగ్రీలు వంగింది. పెద్దమ్మది అరవై దాటలేదు. ఆ తల్లి మొహం చిన్నబోయింది. మధ్యాహ్నం కొడుకులిద్దర్నీ టీ తాగి రమ్మని పంపించింది. వాళ్ళు లిఫ్టు ఎక్కేదాకా చూసి, ఫిజియోథెరపీ అమ్మాయిని పిలిచింది. ‘ఇగ వంచు బిడ్డా, వాళ్ళు లేరు’ అంది.

ఆ సాయంత్రమే అమ్మ కిటికీ చేరింది. కింద ట్రాఫిక్కు, ఎత్తున వంతెన మీద మెట్రో రైలు. ఊళ్ళో రచ్చబండ ఎలాగో ఈ వార్డుకు ఆ కిటికీ అలాగ. మాస్టారు వాచీ చూసుకుంటూ రైళ్ళు లెక్కపెడుతున్నారు. ఆడవాళ్ళకు వేరే బెంగ. బాసింపట్టు వేసుకోవద్దు, గొంతుక్కూర్చోవద్దు అన్నారు డాక్టరుగారు. మరి కత్తిపీట? ముగ్గు? మన ఆడవాళ్ళ బతుకు సగం నేలమీదే కదా! కత్తిపీట వదిలి చాకు పట్టుకోమంటే ఖమ్మం పెద్దమ్మ ససేమిరా అంది. కుర్చీలో కూర్చుని వ్రతం చేయడమన్నది అమ్మకు మింగుడుపడలేదు. పాతబస్తీ నుంచి వచ్చిన ఓ పెద్దాయన, తాను కుర్చీలో నమాజు చేసుకుంటానని, అడిగి తెలుసుకున్నాకే ఆపరేషనుకు వచ్చానని చెప్పాడు. అప్పుడు కాస్త మెత్తబడింది.

నాలుగో రోజు మెట్లు. ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. అమ్మ ఎక్కం వల్లెవేసినట్టు ప్రతి మెట్టుకూ పైకే చెప్పుకుంది.

అయిదో రోజు డిశ్చార్జి. ఇన్సూరెన్సు కాగితాలు తేలేసరికి దీపాలు పెట్టే వేళయింది. కుట్లు విప్పేది రెండు వారాలకు. అప్పటిదాకా వాకరు, ఐసు సంచి, పూటపూటా మోకాలు వంచడం.

మా ఇంటికి ముప్ఫై ఆరు మెట్లు. మధ్య మలుపులో కుర్చీ వేయించి ఉంచాం. అమ్మ దాని వంక ఒకసారి చూసింది. ‘కూర్చుంటే మళ్ళీ లేవాలి కదరా’ అని, మంచికాలు పై మెట్టు మీద పెట్టింది.