ఇంజను ఆపు నాయనా!

రాత్రి పదకొండు గంటలకు పట్టుకున్న వాన తెల్లవారుజామున మూడింటికి వెలిసింది. నాలుగున్నరకే ఆ ఇంట్లో ఫోను మోగింది. ఐదయ్యేసరికి మరో నాలుగు ఫోన్లు. అందరిదీ ఒకటే మాట. "పదును బాగుంది. ముందు మా చేనికే రాప్పా!"

అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు ఊరది. ఎర్ర నేలలు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన కురిసే సీమ. జులైలో ఒక మంచి వాన పడితే ఆ పదును నాలుగు రోజులు నిలవడం గగనం. ఆలోగా వేరుశనగ విత్తనం నేలలో పడాలి. లేదంటే మళ్లీ మబ్బుల వైపు చూస్తూ కూర్చోవాల్సిందే. అందుకే అలాంటి పొద్దున, ట్రాక్టరూ దాని వెనక ఎనిమిది సాళ్లు విత్తే యంత్రమూ ఉన్నవాడికి ఊళ్లో ఎక్కడలేని గిరాకీ.

ఆ గిరాకీ ఉన్న ఇంట్లో మాత్రం ట్రాక్టరు కదల్లేదు. వాకిట్లో యంత్రం కొయ్య దిమ్మెల మీద ఎత్తిపెట్టి ఉంది. దాని ఎనిమిది పైపులకూ ఎనిమిది పాలిథిన్ సంచులు వేలాడుతున్నాయి. యాభై అయిదేళ్ల తల్లి పీట వేసుకుని, ఎదురుగా తక్కెడ పెట్టుకుని కూర్చుంది. కొడుకు వంగి యంత్రం చక్రాన్ని చేత్తో తిప్పుతున్నాడు. చక్రం కమ్మీకి కట్టిన ఎర్ర గుడ్డపేలిక పైకి వచ్చినప్పుడల్లా ఆమె లెక్క పెడుతోంది.

"పద్దెనిమిది... పంతొమ్మిది... ఇరవై. చాలు నాయనా, ఆపు."

ఫోను మళ్లీ మోగింది. ఆమె తలెత్తలేదు. మొదటి సంచి విప్పి తక్కెడలో పోసింది.

* * *

ఆమె ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ట్రాక్టరు లేదు. ఎద్దులు, గొర్రు, జడ్డిగం. మామ ఎద్దులు తోలితే, ఆమె గొర్రు వెంట నడుస్తూ జడ్డిగంలో విత్తనం పోసేది. ఒళ్లో విత్తనం మూట, పిడికిట్లో గింజలు. పిడికిలి ఎంత వదులు చెయ్యాలో వేళ్లకు తెలియాలి. ఎద్దులు తొందరపడితే చెయ్యీ తొందరపడాలి. వెదురు గొట్టంలోకి మన్ను ఎక్కితే గింజలు జడ్డిగంలోనే నిలిచిపోతాయి. వెంటనే కనిపిస్తుంది. "ఓ..." అని కేకేస్తే ఎద్దులు ఆగేవి. విత్తనం పోసే ఆడమనిషి చెయ్యి మంచిదైతే ఊరంతా పిలిచేవాళ్లు. ఆమెది మంచి చెయ్యి.

యంత్రం వచ్చాక ఆ చేతికి పని పోయింది. పెట్టెలో విత్తనం పోస్తారు. నేల మీద దొర్లే చక్రం తిరుగుతుంటే, ఆ తిప్పుడు చైను ద్వారా పెట్టె అడుగున ఏటవాలుగా ఉన్న ప్లేట్లకు అందుతుంది. ప్లేటు అంచున గుంటలుంటాయి. ఒక్కో గుంట ఒక్కో గింజను ఎత్తి పైపులో వేస్తుంది. అది కర్రు చీల్చిన సాలులో పడుతుంది. ఎద్దులతో రోజంతా పట్టే పని గంటల్లో అయిపోతుంది. కాకపోతే గింజ పెట్టెలోంచి బయలుదేరి మట్టిలో పడేదాకా ఎవరి కంటికీ కనిపించదు. పడిందో లేదో తెలిసేది మొలక వచ్చాకే!

కొడుక్కి అది మొదటి ఏడాదే తెలిసొచ్చింది. వరసకు చిన్నాయన అయ్యే రైతుది ఐదెకరాల చేను. ఎకరాకు 60 కిలోల లెక్కన 300 కిలోల విత్తనం తెచ్చారు. పొద్దు వాలేసరికి విత్తడం పూర్తయింది. ఇంకా ఒక మూట విత్తనం మిగిలింది. "యంత్రమంటే ఇదీ! మూట మిగిల్చింది" అని ఇద్దరూ మురిసిపోయారు.

ఎనిమిదో రోజు చిన్నాయన చేను చూడ్డానికి వెళ్లాడు. ఏడు సాళ్లు ముచ్చటగా మొలిచాయి. ఎనిమిదోది నున్నగా ఉంది. మళ్లీ ఏడు, మళ్లీ ఖాళీ. ఐదెకరాలూ అంతే. మొదటి మలుపులోనే యంత్రాన్ని పైకి ఎత్తకుండా ట్రాక్టరును రెండడుగులు వెనక్కి తీశాడు కొడుకు. తడి మన్ను ఒక పైపు మూతిలోకి ఎక్కి బిరడాలా బిగుసుకుపోయింది. మిగిలిన మూట ఆ సాళ్లదే. లెక్క వేస్తే 60 సెంట్లకు పైగా నేల ఉత్తదిగా పోయింది.

చిన్నాయన ఒక్క మాట అనలేదు. ఆ మూటను తెచ్చి వీళ్ల అరుగు మీద దించి వెళ్లిపోయాడు. మందు కలిపిన విత్తనం. తినడానికి లేదు, నూనె ఆడించడానికి లేదు, పశువులకు పెట్టడానికి లేదు. తల్లి ఇంకో ఇద్దరు కూలీలను తోడు పెట్టుకుని, ఆరిపోతున్న పదునులో ఆ ఖాళీ సాళ్ల వెంట చేత్తో గింజలు నాటుకుంటూ వెళ్లింది. సగం మొలిచాయి. బాడుగ తీసుకోలేదు.

అప్పటి నుంచే వాకిట్లో తక్కెడ.

* * *

ఆమె చదివింది ఐదో తరగతి. అయినా లెక్క మాత్రం అచ్చంగా ఆమెదే. చక్రం చుట్టూ దారం చుట్టి కొలిస్తే 1.26 మీటర్లు వచ్చింది. 20 చుట్లు తిరిగితే యంత్రం సుమారు 25 మీటర్లు నడిచినట్టు. సాలుకూ సాలుకూ మధ్య 30 సెంటీమీటర్లు. ఎనిమిది సాళ్లకు 2.4 మీటర్ల వెడల్పు. రెండూ హెచ్చవేస్తే 60 చదరపు మీటర్లు, అంటే సెంటున్నర నేల. ఎకరాకు 60 కిలోలంటే సెంటుకు 600 గ్రాములు, సెంటున్నరకు 900. ఎనిమిది సంచులకు పంచితే ఒక్కో దాంట్లో 112 గ్రాములు ఉండాలి. ఐదారు గ్రాములు అటూ ఇటూ అయితే ఆమె ఊరుకుంటుంది. 80 వస్తే ఊరుకోదు. ప్లేటు కిందా పైనా చూపించమంటుంది.

తూకం ఒక్కటే కాదు. సంచిలో గింజల్ని చేటలో పోసి చూస్తుంది. వేరుశనగ గింజ పైపొర సున్నితం. బిగువు ఎక్కువైతే ప్లేటు గింజను నలిపేస్తుంది, పప్పు రెండు బద్దలవుతుంది. తూకం సరిపోతుంది గానీ బద్ద మొలవదు కదా! కదిరి-6 లాంటి మధ్యరకం గింజకు సరిపోయిన ప్లేటు లావు గింజకు సరిపోదు. ఎవరైనా ఏడు సాళ్లు వేరుశనగ, ఒక సాలు కంది కావాలంటే ఆ ఒక్క గడిలో ప్లేటు మార్చాలి. మందు పట్టించిన విత్తనం నీడలో బాగా ఆరిందో లేదో ముట్టి చూడాలి. తడిగా ఉంటే గుంటల్లో అంటుకుపోతుంది. ముట్టేటప్పుడు చేతికి తొడుగు, ముక్కుకు అడ్డంగా గుడ్డ. ఆ తర్వాత సబ్బుతో చేతులు కడిగితేనే కాఫీ. ఈ ఒక్క విషయంలో ఊళ్లో చాలామంది ఆమెను చూసి నవ్వుతారు. నవ్వేవాళ్లలో కొందరు అదే చేత్తో బీడీ వెలిగిస్తారు.

వాకిట్లో లెక్క కుదిరినా చేలో కాస్త తేడా వస్తుంది. మెత్తటి నేలలో చక్రం అక్కడక్కడా జారుతుంది, ఆ మేరకు గింజలు తగ్గుతాయి. అందుకే చేలో మొదటి పది మీటర్లు విత్తగానే ఆపి, ఒక సాలును వేళ్లతో తవ్వి చూస్తారు. జానెడు లోపు రెండు గింజలు కనబడాలి. లోతు రెండంగుళాలు. అంతకు మించితే మొలక పైకి రావడానికి ఆపసోపాలు పడుతుంది. పైపైన పడితే ఎండకు ఆరిపోతుంది, లేదా కాకుల పాలవుతుంది.

ట్రాక్టరుకు యంత్రాన్ని తగిలించేటప్పుడు చాలా ఊళ్లలో ఒక దృశ్యం కనిపిస్తుంది. డ్రైవరు వెనక్కి వస్తుంటాడు. ఇంకొకడు సరిగ్గా ట్రాక్టరుకూ యంత్రానికీ మధ్య నిలబడి, "రా... రా... ఇంకా రా" అని చేయి ఊపుతుంటాడు. క్లచ్చి మీద కాలు జారితే ఆ మనిషి గతి ఏమిటి? ఈ ఇంట్లో ఆ మధ్యలోకి ఎవరూ పోరు. ట్రాక్టరు ఆగి, ఇంజను ఆగి, బ్రేకు పడ్డాకే చెయ్యి పెట్టేది. ముందు ఎడమ లింకు, తర్వాత కుడిది, ఆఖరున టాప్ లింకు. విప్పేటప్పుడు తిరగేసి. పిన్నులకు మేకులు, తీగలు పనికిరావు. యంత్రం అటూ ఇటూ ఊగకుండా గొలుసులు బిగించాక, పక్క నుంచీ వెనక నుంచీ చూసి మట్టం సరిచేస్తారు. ఒక పక్క కుంగితే నాలుగు సాళ్లు లోతుగా, నాలుగు పైపైన పడతాయి. పెట్టెనిండా విత్తనంతో యంత్రాన్ని ఎత్తుకుని గట్టు ఎక్కితే ముందు చక్రాలు తేలిపోతాయని, పెట్టెలు నింపేది చేలోకి దిగాకే.

* * *

ఈ జాగ్రత్తలన్నీ మొదటి నుంచీ ఉన్నవి కావు.

యంత్రంతో పాటే వెనక ఒక పలక వచ్చింది. దాని మీద మనిషి నిలబడి పైపులు చూస్తూ ఉండాలట. అలా పలక బిగించి అమ్మేవాళ్లు చాలా చోట్ల ఉన్నారు. అది సౌకర్యమని చెబుతారు గానీ, దాని ఎదురుగా తిరిగే చైను సంగతి చెప్పరు. చిన్నాయన చేను దెబ్బ తర్వాత తల్లే ఆ పలక ఎక్కింది. ఒక చేలో రాయి మీద కర్రు ఎగిరి యంత్రం కుదిపింది. ఆమె ముందుకు తూలి పెట్టె అంచు పట్టుకుంది. చీర కొంగు చైనుకు బెత్తెడు దూరంలో వేలాడింది. ఆ సాయంత్రమే కొడుకు స్పానరు తెచ్చి పలక విప్పేశాడు. అప్పటి నుంచి ఆమె నేల మీద, పక్కగా నడుస్తూ చూస్తుంది, కొంగు బొడ్లో దోపుకుని.

అసలు దెబ్బ రెండేళ్ల తర్వాత తగిలింది.

ట్రాక్టరు బ్యాటరీ పాతదైపోయింది. ఆపితే మళ్లీ స్టార్టు కావాలంటే నలుగురు తొయ్యాలి. అందుకని సీజనంతా ఇంజను ఆపకుండానే పని నడిపించాడు. ఒక చేలో పైపు మూసుకుపోయింది. యంత్రాన్ని లిఫ్టుతో పైకి ఎత్తి, ఇంజను అలాగే వదిలేసి దిగాడు.

"ఇంజను ఆపు నాయనా" అంది తల్లి, గట్టు మీంచి.

"ఆపితే మళ్లీ కదలదు మా. ఒక్క నిమిషం."

చైను పక్క నుంచి చెయ్యి పెట్టి మన్ను తీస్తున్నాడు. మడ్‌గార్డు మీద అక్క కొడుకు, ఎనిమిదేళ్ల వాడు, కూర్చుని ఉన్నాడు. మామకు సాయం చేద్దామనుకున్నాడో, ఆటకే ముట్టుకున్నాడో, లిఫ్టు లివరు కిందికి తోశాడు. యంత్రం దిగింది. చక్రం నేలకు తగిలి పావు చుట్టు తిరిగింది. చైను కూడా అంతే కదిలింది. ఎడమ చేతి ఉంగరపు వేలు మొదటి కణుపు దాకా పోవడానికి అది చాలు.

ఇంకో సంగతి అతనికి ఆస్పత్రి మంచం మీద, మెకానిక్ మాటల్లో తెలిసింది. ఇంజను ఆపి ఉన్నా లివరు తోస్తే యంత్రం దిగుతుందట! బరువును పట్టి ఉంచేది లోపలి నూనె మాత్రమే. కాబట్టి ఇంజను ఒక్కటి ఆపితే చాలదు. యంత్రాన్ని నేలకు దించాలి. పైకి ఎత్తే చూడాల్సి వస్తే కింద దిమ్మెలు పెట్టాలి. తాళంచెవి తీసేయాలి. ట్రాక్టరు మీద ఇంకో మనిషి ఉండకూడదు.

ఆ ఏడు మిగిలిన చేలను పక్క ఊరి యంత్రం విత్తింది. వేలు మానాక అతను పెట్టిన మొదటి ఖర్చు కొత్త బ్యాటరీ. పిల్లాడు వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. మామ ఎడమ చేతిని కట్టు కనబడకుండా లుంగీలో దాచుకుని వాడితో గోళీలాడాడు. ఇప్పుడు వాడు ఇంటర్ చదువుతున్నాడు. ట్రాక్టరు మాత్రం ఎక్కడు.

* * *

ఆ పొద్దున తక్కెడ పని ముగిసేసరికి ఆరున్నర. ఏడో సంచిలో 94 గ్రాములే వచ్చాయి. ప్లేటు విప్పితే గుంటలో నిరుటి మట్టి పెళ్ల. తీసి, మళ్లీ ఇరవై చుట్లు. 111. అప్పుడు కదిలింది ట్రాక్టరు.

సెకనుకు మీటరు చొప్పున, అంటే గంటకు మూడున్నర కిలోమీటర్ల వేగం. తల్లి నడకకు సరిగ్గా సరిపోతుంది. అంతకన్నా వేగం పెంచితే గుంటల్లోకి గింజలు ఎక్కే తీరిక ఉండదు, సాలులో సందులు పడతాయి. చేను మొత్తం ఆమె నడవదు. మొదటి రెండు సాళ్ల పొడవునా, ఆ తర్వాత ప్రతి మలుపు దగ్గరా. మలుపు రాగానే యంత్రం పైకి లేవాలి, తిరిగాక ట్రాక్టరు ముందుకు కదులుతుండగా దిగాలి. దించి వెనక్కి నడిపితే ఏమవుతుందో ఇద్దరికీ చిన్నాయన చేను గుర్తుంది.

రెండు చేలు అయ్యాయి. మూడో చేలో పొద్దు వాలింది. చేను ఆసామి గట్టు మీద నిలబడి తొందరపెడుతున్నాడు. "ఇంకో అరెకరమే ఉండాది. లాగించెయ్ అప్పా, చీకటి పడతాంది!"

మలుపు తిరిగాక ఆమె చెయ్యెత్తింది. ఆరో పైపు కింద గింజ కనబడడం లేదు.

యంత్రం నేలకు దిగింది. ఇంజను ఆగింది. ఆసామి విసుక్కుంటూ మొహం తిప్పుకున్నాడు. కొడుకు సీటు దిగి, తాళంచెవి తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుంది. పైపు మూతిలో వేరు ముక్క చుట్టుకుని తడి మన్ను. పుల్లతో తీసేయడానికి రెండు నిమిషాలు పట్టింది.

గింజ పడని సాలు పన్నెండు బారలుంది. ట్రాక్టరును మళ్లీ ఆ సాలులోకి తేవడం కుదరదు. ఆమె పెట్టెలోంచి పిడికెడు గింజలు తీసుకుంది. తొడుగు చేత్తోనే ఒక్కో గింజ సాలులో వదులుతూ, పాదంతో మన్ను కప్పుతూ చివరిదాకా వెళ్లింది. తిరిగి వచ్చి కొంగు ముడి విప్పింది.

"ఇంక పోనీ" అంది.