తలకిందుల ఉమ్మెత్త

సికింద్రాబాద్‌లో మా ఇంటి గేటు పక్కన ఆ మొక్క నాటింది నేనే. పొద్దుగూకితే బూరల్లాంటి తెల్లపూలు వేలాడుతూ గల్లీ అంతా వాసనొచ్చేది. ఒకనాడు పక్కింటి పాప పువ్వు తెంపి తేనె పీల్చబోయింది. చప్పున లాక్కున్నాను.

"మంచి వాసనొస్తుంది కదా సార్!" అంది.

"ఉమ్మెత్త నోట్లో పెట్టకు బిడ్డా, పిచ్చి లేస్తది" అని గూడెంలో మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! ఇది ఉమ్మెత్తకు చుట్టమే, దక్షిణ అమెరికాది. మన ఉమ్మెత్త పువ్వు పైకి చూస్తుంది, కాయకు ముళ్లుంటాయి. దీని పువ్వు కిందికి వాలుతుంది, కాయ నున్నగా ఉంటుంది. అందుకే పోల్చుకోలేకపోయాను. విషం మాత్రం ఒకటే: అట్రోపిన్, స్కోపలమిన్. ఆకు, పువ్వు, గింజ ఏది మింగినా నోరెండి, కంటిపాపలు పెద్దవై, మతి తప్పుతుంది. ప్రాణమూ పోవచ్చు.

మొక్కను మేడ మీదికి మార్చి తాళం వేశాను. మర్నాడు బడిలో బోర్డు మీద రెండు పూలూ గీసి, అమ్మ మాటతోనే పాఠం మొదలుపెట్టాను.