కటక పరీక్ష

ఒక వస్తువు మంచిదా, చెడ్డదా యని యెవరైన అడిగినప్పుడు "దేనికి?" అని తిరిగి ప్రశ్నింపక బదులు చెప్పుట తొందరపాటు. కొడవలి కోతకు మంచిది. కట్టెలు కొట్టుటకు పనికిరాదు. ఇది యెల్లరు ఎఱిగిన సంగతియే. అయినను వెల యెక్కువగల వస్తువు కన్నుల యెదుట నిలిచినప్పుడు దీనిని మఱచుచుందుము. కెమెరాకు ముందువైపున అమర్చు కటకము, అనగా లెన్సు, విషయమై మా పాఠశాలలో నొక చర్చ పుట్టినది. ఆ చర్చను తీర్చుటకై మేము చేసిన పరీక్షలను సోదర విద్యార్థులకు తెలుపుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

మా ఛాయాచిత్ర సంఘమునకు ఒక డిజిటల్ కెమెరా కలదు. దానితో కూడ వచ్చినది 18 మొదలు 55 మి.మీ. వరకు నాభ్యంతరమును మార్చుకొనగల సాధారణపు జూమ్ లెన్సు. నాభ్యంతరము తగ్గినకొలది దృశ్యము విశాలమగును; పెరిగినకొలది దూరపు వస్తువు దగ్గరగా కనబడును. సంఘసభ్యులు పాత పత్రికలను అమ్మియు, చందాలు వేసికొనియు కొంత సొమ్ము కూడబెట్టిరి. ఆ సొమ్ముతో ఎఫ్ 2.8 గల పెద్ద జూమ్ లెన్సును కొనవలెనని పై తరగతులవారు పట్టుబట్టిరి. నేను విజ్ఞానశాస్త్రము బోధించువాడనగుటచే తీర్పు చెప్పు భారము నాపై పడినది.

వారి కోరికకు కారణము లేకపోలేదు. గత వార్షికోత్సవమునాడు విద్యార్థులు తీసిన గుంపు చిత్రము కార్యాలయపు గోడకు వ్రేలాడుచున్నది. ఒకనాడు వసతిగృహమునందలి బాలుని తల్లి దూరపు పల్లెనుండి వచ్చి, ఆ చిత్రములో కుమారుని వెదకెను. నడుమ కూర్చున్న ఉపాధ్యాయుల కండ్లజోళ్లు సైతము స్పష్టముగా నున్నవి. ఆ బాలుడు మాత్రము కుడివైపు కట్టకడపట నిలిచియుండెను. అచ్చట వాని ముఖము చేతితో అలికిన బొగ్గుబొమ్మవలె మసకబారి, ప్రక్కకు సాగియుండెను. "వీడు మావాడేనా అయ్యగారూ?" అని ఆమె నన్నడిగెను. బాలుడు తన చొక్కాను చూపి గుర్తు చెప్పవలసివచ్చెను. ఆ యింట వాని చిత్రము మఱియొకటి లేదని పిదప తెలిసినది.

గుంపు చిత్రములో నడిమి స్థానము పెద్దలది. చివరలు ఆలస్యముగా వచ్చినవారికిని, బిడియపడి వెనుకకు జరుగువారికిని దక్కును. కావున మేము కొనదలచిన కటకముయొక్క యోగ్యతను నడుమ గాక అంచున చూడవలెనని నాకు తోచినది.

దీనికి శాస్త్రము కూడ సాక్ష్యమిచ్చుచున్నది. ఒక చుక్కనుండి వచ్చిన కిరణములు కటకమును దాటి మరల ఒక చుక్కగానే కలిసికొనవలెను. కాని అరగదీసిన గాజు ఈ పనిని సంపూర్ణముగా చేయజాలదు. 1840లో పెట్స్‌వాల్ అను గణితశాస్త్రజ్ఞుడు వియన్నాలో ముఖచిత్రములకు తగిన కటకమును లెక్కగట్టి రూపొందించెను. దాని నడుమ మిక్కిలి స్పష్టము, అంచులు మసక. ఒక్క ముఖమునే తీయువారికి అది కొఱత కాలేదు. 1857లో సైడెల్ అను జర్మను పండితుడు ఒకే రంగు కాంతియందు పుట్టు దోషములను ఐదుగా విభజించి చూపెను. కటకపు అంచును దాటిన కిరణములు నడుమ దాటిన వానితో కలియకపోవుట మొదటిది. చుక్క తోకచుక్కవలె సాగుట రెండవది. నిలువుగీత యొకచోట, అడ్డగీత వేఱొకచోట స్పష్టపడుట మూడవది. చదునైన గోడయొక్క బింబము గిన్నెవలె వంగిన తలముపై పడుట నాల్గవది. తిన్నని గీత వంగుట ఐదవది. వీనిలో మొదటిది తప్ప తక్కిన నాలుగును చిత్రముయొక్క సరి మధ్యబిందువున కనబడవు. నడుమ చూచి కటకమును మెచ్చుకొనువాడు ఐదింట నాలుగు దోషములను చూడకయే మెచ్చుకొనుచున్నాడన్నమాట.

జూమ్ లెన్సునకు ఈ చిక్కు మఱింత హెచ్చు. 35 మి.మీ. ఫిల్ము వాడు కెమెరాలకై వచ్చిన మొదటి జూమ్ లెన్సు 1959 నాటి జూమార్. అది 36 మొదలు 82 మి.మీ. వరకు మారెడిది. ఒకే నాభ్యంతరముగల కటకమున దోషములను ఒక్కచోట సవరించిన చాలును. జూమ్ లెన్సులోనో, గాజుబిళ్లల సమూహములు ముందువెనుకలకు జరుగుచుండగా ప్రతి నాభ్యంతరమునను సవరింపవలెను. ఒకచోట బాగుచేసిన మఱియొకచోట కొంత చెడును. కావున జూమ్ లెన్సును గూర్చి ఒక్కమాటలో తీర్పు చెప్పరాదు. ఏ నాభ్యంతరమున, ఏ రంధ్రమున, చిత్రములో ఏ చోట అని విడివిడిగా అడుగవలెను.

విద్యార్థులు తయారీదారులు ప్రకటించిన రేఖాపటములను తెచ్చి నాకు చూపిరి. అవి పనికిమాలినవి కావు. అయినను వానిలో కొన్ని గణితమువలన వచ్చినవే గాని తయారైన వస్తువును కొలిచి గీచినవి కావు. మఱియు అవి నడుమనుండి ఒక అంచువరకే చూపుచు, నాలుగు వైపులు సమానమని తలపించును. మన చేతిలోని కటకము అట్లున్నదో లేదో పటము చెప్పజాలదు.

అందుచే మేమే పరీక్షకు పూనుకొంటిమి. ఊరిలోని ఒక ఛాయాగ్రాహకుడు తన ఎఫ్ 2.8 జూమ్ లెన్సును రెండు దినములకు ఎరువిచ్చెను. పూర్వవిద్యార్థి యొకరు 35 మి.మీ. స్థిర కటకమును పంపిరి. మా పాత లెన్సుతో మూడైనవి. సైకిళ్ల పాకలోని చదునైన గోడకు తెలుగు దినపత్రికల కాగితములను మూల మూలకు అంటించితిమి. కెమెరా గోడకు సరిగా ఎదురుగా నిలుచుటకు గోడ నడుమ ఒక అద్దమును ఆనించితిమి. ఆ యద్దములో కటకపు ప్రతిబింబము సరిగా నడుమ కనబడునట్లు కెమెరాను జరిపితిమి. చేయి తగిలి కదలకుండ రెండు సెకండ్ల గడువు పెట్టి మీటను నొక్కితిమి. కెమెరా తనంతట తాను చేయు సవరణలను ఆపివేసితిమి.

స్పష్టతను కొలుచుటకు మన లిపికంటె మంచి సాధనము వేఱు లేదని ఆనాడు తెలిసినది. "ద"కును "ధ"కును భేదము క్రిందనున్న చిన్న గీత; "ప"కును "ష"కును భేదము కడుపులోని చిన్న మెలిక. మూలనున్న కాగితములో ఈ భేదములు తెలియుచున్నవా యని చూచుటయే మా పరీక్ష.

ఎఫ్ 2.8 జూమ్ లెన్సు తన పూర్తి రంధ్రముననే నడుమ మిక్కిలి స్పష్టముగా నుండెను. మూలలు కొంచెము మెత్తబడెను. స్థిర కటకము ఎఫ్ 4 వద్ద మూలలలో సైతము అన్నిటిని మించెను. మా పాత లెన్సు 18 మి.మీ. వద్ద పూర్తి రంధ్రమున నడుమ బాగుగనే యుండెను గాని కుడిమూలను "ద"యో "ధ"యో తెలియరాలేదు. గోడయే వంకరయేమో యని కొందఱు శంకించిరి. అంత కెమెరాను తలక్రిందులు చేసి, అద్దముతో మరల సరిచూచి తీసితిమి. ఈసారి గోడయొక్క ఎడమమూల మసకబారెను. దోషము కెమెరాతో కూడ తిరిగినది గనుక అది గోడది కాదు, లోపల ఇంచుక ఒరిగిన గాజుబిళ్లది. ఒకే పేరుగల రెండు లెన్సులును ఒక్కతీరున ఉండవని విద్యార్థులు ఇట్లు కన్నులార చూచిరి.

కాని అదే లెన్సును 28 మి.మీ.కు త్రిప్పి, రంధ్రమును ఎఫ్ 8కి తగ్గించినప్పుడు రెండు మూలలును దాదాపు సమానమై, అక్షరములన్నియు చదువవచ్చెను. అచ్చట మూడు కటకములకు గల భేదము తెఱపై మిక్కిలి పెద్దదిచేసి చూచినప్పుడే తెలిసెను. 18 అంగుళముల వెడల్పున అచ్చువేసి చేతిదూరమున పట్టి చూపగా, ఏది యేదో విద్యార్థులు చెప్పలేకపోయిరి. రంధ్రమును ఇంకను తగ్గించిన ఇంకను మేలగునా యని యొకడు ప్రశ్నించెను. కాదు. చిన్న రంధ్రమును దాటు కాంతి వివర్తనముచే వ్యాపించును. ఎఫ్ 22 వద్ద ఒక చుక్కయొక్క బింబము సుమారు 0.03 మి.మీ. వెడల్పగును. అది మా కెమెరాయొక్క ఏడు పిక్సెళ్లంత. ఎంత వెలగల కటకమైనను ఈ నియమమును తప్పించుకొనజాలదు.

ఇక ముఖము సాగుట. ఇది కటకదోషమే కాదు. 18 మి.మీ. వద్ద చివరనున్న ముఖము, కోణమువలన, సుమారు ఐదవవంతు వెడల్పుగా పడును; 28 మి.మీ. వద్ద పన్నెండవవంతు మాత్రమే. ఎఫ్ 2.8 జూమ్ లెన్సు కూడ ఒక దగ్గఱి చోటునుండి తీసినచో ఆ బాలుని ముఖమును అట్లే సాగదీయును. దీనికి మందు వెనుకకు నడచుట. ఎనిమిది మీటర్ల వెడల్పును 18 మి.మీ.తో పట్టుటకు ఆఱు మీటర్ల దూరము చాలును, 28 మి.మీ.తో తొమ్మిదిన్నర మీటర్లు కావలెను. మా ముందటి ఆవరణమును కొలిచి చూడగా వేపచెట్టు వఱకు పదునాలుగు మీటర్లున్నది!

పెద్ద లెన్సును చిన్నబుచ్చుట నా యభిమతము కాదు. రాత్రివేళ సభామందిరమున నాటకము తీయవలెనన్న, మా లెన్సు 55 మి.మీ. వద్ద ఎఫ్ 5.6 మాత్రమే తెఱచుకొనును. అది యిచ్చు వెలుతురునకు నాలుగింతలు ఎఫ్ 2.8 ఇచ్చును. అట్టి పనికే సొమ్ము కూడబెట్టియుండిన నా తీర్పు వేఱుగా నుండెడిది. కాని గుంపు చిత్రమును ఉదయపు నీడలో తీయుదుము. పిల్లలు కదలక నిలుతురు. కెమెరా స్టాండుపై నుండును. అచ్చట ఎఫ్ 8 పెట్టుకొనుటకు అడ్డేమియు లేదు.

కావున లెన్సు కొనలేదు. బరువైన మూడుకాళ్ల స్టాండు నొకదానిని కొని, పాత లెన్సుతోనే పది మీటర్ల దూరమునుండి ఈ సంవత్సరపు చిత్రమును తీసితిమి. మిగిలిన సొమ్ముతో వసతిగృహమునందలి ప్రతి బాలునకు ఒక్కొక్క ప్రతి అచ్చువేయించితిమి. చివరి వరుసలో చివర నిలిచినవాని కనుబొమ్మలు కూడ తెలియుచున్నవి. పై తరగతులవారు మొదట కొంత చిన్నబోయిరి గాని, ప్రతులను పంచి వచ్చిన సాయంకాలము మఱి యేమియు అనలేదు. ఆ పల్లెకు పోయిన ప్రతి ఇంటిలో దేవుని పటముల ప్రక్కన మేకుకు తగిలింపబడినదని బాలుడే నాతో చెప్పెను.

సోదర విద్యార్థులారా! వస్తువుయొక్క గుణమును దాని వెలవలనను, పేరువలనను నిర్ణయింపకుడు. మీకు కావలసిన పని యేదో మొదట చెప్పుకొనుడు. ఆ పనిలో ఎవరికి నష్టము కలుగునో ఆ చోటనే దానిని పరీక్షింపుడు. నడుమ నున్నవానిని ఏ కటకమైనను చక్కగా చూపును. అంచున నున్నవానిని కూడ చూపుటకు కొంత తెలివియు, కొంత యోపికయు, పది యడుగులు వెనుకకు వేయు శ్రమయు కావలెను.