పథ్యం ఎవరి నోట రావాలి?

మీ ఇంట్లో షుగరు జబ్బు ఉన్న పెద్దవారెవరైనా ఉన్నారా? ఉంటే ఈ మాటలు మీకు కొత్త కావు.

"డాక్టరు గారు అన్నం తగ్గించమన్నారు కదా, మళ్ళీ మారు పెట్టుకుంటారేం?" అంటుంది ఇల్లాలు.

"ఈ ఒక్క పూటకీ పోనీవే. రేపట్నుంచి చూద్దాం" అంటాడు ఇంటాయన.

ఆ రేపు రాదు. ఇల్లాలు అలుగుతుంది. హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోనులో కేకలేస్తాడు. పెద్దాయన ఆ రోజుకి మారు మాట్లాడకుండా ఊరుకుంటాడు. మర్నాడు వీధి చివర హోటల్లో, ఎవరూ చూడకుండా, పంచదార దండిగా వేసిన కాఫీ తాగి వస్తాడు. చెప్పినవారు చెప్పింది మంచి మాటే. అది మంచి మాటేనని విన్నవారికీ తెలుసు. అయినా పని జరగలేదు. ఎందుకని?

ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అప్పటికే ఒక రైతు కాలివేళ్ళు రెండు పోయాయి. అందుకే ఈ వారం మందుల గురించి కాక మాటల గురించి చెప్పదలచుకున్నాను.

ఐదు నిమిషాల ఉపన్యాసం

విజయవాడలో గవర్నరుపేట, సూర్యారావుపేట వీధుల్లో డాక్టర్ల బోర్డులు ఎన్ని ఉన్నాయో మీరు చూసే ఉంటారు. గుడివాడ, ఉయ్యూరు, అవనిగడ్డ, బందరు వైపు నుంచి తెల్లారకముందే బస్సెక్కి వచ్చే రోగులతో ఆ గుమ్మాలు నిండిపోతాయి. మనిషికి ఐదు నిమిషాలు దొరికితే గొప్ప. ఆ ఐదు నిమిషాల్లో నేను చేసేది ఒకటే. రక్తపరీక్ష కాగితం చూడడం, కళ్ళద్దాల పైనుంచి రోగి వంక చూడడం, "అన్నం మానెయ్యండి, తీపి మానెయ్యండి, రోజూ నడవండి" అని గుక్కతిప్పుకోకుండా చెప్పడం. చెప్పేశాను కాబట్టి నా బాధ్యత తీరిందనుకునేవాణ్ణి.

ఉయ్యూరు వైపు పల్లె నుంచి ఒక రైతు వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. చక్కెర బాగా ఎక్కువగా ఉంది. అన్నం మానెయ్యమన్నాను. ఆయన నవ్వి, "అన్నం మానేస్తే నేను రైతునెట్టా అవుతానండీ?" అన్నాడు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ మాటలో ఎంత ఉందో తెలుస్తోంది. 1855లో కృష్ణకు ఆనకట్ట పూర్తయి కాలువలకు నీళ్ళొచ్చిన నాటి నుంచీ, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చాక కూడా, డెల్టా మనిషి బతుకంతా వరి చుట్టూనే తిరుగుతోంది. తాను పండించిన బియ్యం తాను తినవద్దంటే ఆయనకెలా ఉంటుంది? నాకది తట్టలేదు. పైగా కోపం వచ్చింది. "నవ్వుతున్నారు కాని, రేపు కాలు తీసేయవలసి వస్తే తెలుస్తుంది" అన్నాను. ఆయన నవ్వడం మానేశాడు. చీటీ తీసుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ పధ్నాలుగు నెలలకు వచ్చాడు. అరికాల్లో పుండు. చక్కెర ఎక్కువ కాలం అదుపులో లేకపోతే పాదాల నరాలు మొద్దుబారతాయి. రక్తప్రసారం కూడా తగ్గుతుంది. చెప్పుల్లేకుండా పొలం గట్టున నడిచినప్పుడు ఏదో గుచ్చుకుంది. ఆయనకు తెలియనే లేదు. వాసన వచ్చేదాకా ఇంట్లోవాళ్ళూ చూడలేదు. చివరికి రెండు వేళ్ళు తీసేయవలసి వచ్చింది.

"ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు బాబాయి గారూ?" అని అడిగాను.

"మీరు చెప్పింది చెయ్యలేకపోయానండి. ఏ మొహం పెట్టుకుని రమ్మంటారు?" అన్నాడాయన.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన నా మాట లెక్కచేయక మానుకోలేదు. లెక్కచేసినందుకే, సిగ్గుపడి, రావడం మానుకున్నాడు. నా మందులు ఆయనకు పనికివచ్చేవే. నా మాట ఆయన్ని ఆ మందులకు దూరం చేసింది.

నిలదీస్తే ఏమవుతుంది?

ఈ చిక్కు మన ఊరి డాక్టర్లకే కాదు, అన్నిచోట్లా ఉన్నదే. ఒకప్పుడు అమెరికాలో తాగుబోతులకు చికిత్స అంటే నిలదీయడం, తప్పు ఒప్పించడం, సిగ్గుపడేలా చేయడం అనుకునేవారు. విలియం మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వేరే దారిలో, రోగి చెప్పేది వింటూ చికిత్స చేసేవాడు. 1982లో ఆయన నార్వే వెళ్ళినప్పుడు అక్కడి యువ నిపుణులు అడుగడుగునా ఆపి, "ఈ ప్రశ్నే ఎందుకు వేశారు? ఆ మాట ఎందుకు అనలేదు?" అని అడిగారట. వాళ్ళకు జవాబు చెబుతూ చెబుతూ ఆయన తన పద్ధతిని తానే తేటపరచుకుని, 1983లో వ్యాసంగా ప్రకటించాడు. తరువాత వేల్సులో పనిచేసిన స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి 1991లో పుస్తకం రాశాడు. దీనికి మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అని పేరు. మన మాటల్లో చెప్పాలంటే, మనిషి మనసులో ఉన్న మంచి కోరికను అతని నోటనే పలికించడం. మద్యంతో మొదలైన ఈ పద్ధతిని షుగరు, రక్తపోటు, పొగాకు, బరువు తగ్గడం వంటివాటికీ వాడుతున్నారు.

మిల్లర్, ఆయన సహచరులు 1993లో వెల్లడించిన సంగతి ఒకటి వినండి. సలహా ఇచ్చేవారు ఎంత ఎక్కువగా నిలదీస్తే, ఏడాది గడిచాక ఆ రోగి అంత ఎక్కువగా తాగుతున్నట్టు కనిపించింది!

దీని కీలకం చాలా చిన్నది. ఏ అలవాటు విషయంలోనైనా మనిషికి మనసు రెండు విధాల ఉంటుంది. "మానాలి" అని ఒక మనసు, "మానలేను" అని ఇంకో మనసు. "మానాలి" అనే మాటను డాక్టరే గట్టిగా అనేస్తే రోగికి మిగిలేది "మానలేను" అనే వాదనే. ఆ వాదన పదిసార్లు చేశాక ఆయన దాన్ని తానే నమ్ముతాడు. నీరు పల్లమెరుగు అంటారు. మాటా అంతే. ఎదుటివాడి మనసులో పల్లం ఎటు ఉందో చూడకుండా వదిలితే గట్టుకు కొట్టుకుని వెనక్కి వస్తుంది.

అదే రైతు, వేరే ప్రశ్నలు

పుండు మానాక ఆయన వచ్చినప్పుడు నేను అన్నం ఊసెత్తలేదు. "మీకు రోజు ఎలా గడుస్తుందో చెప్పండి బాబాయి గారూ" అన్నాను. పొద్దున్నే చద్దన్నం, పదింటికి కాలవ గట్టు మీద టీ, మధ్యాహ్నం పప్పు, ఆవకాయ, పెరుగుతో అన్నం, సాయంత్రం మళ్ళీ టీ, రాత్రి మళ్ళీ అన్నం. మధ్యలో నేను ఒక్క తప్పూ పట్టలేదు. చెప్పింది ఆయనకే తిరిగి చెప్పాను: "అంటే మూడు పూటలా అన్నం ఉంది, ఒంట్లో బాగుండాలనీ ఉంది."

"అదేనండీ నా బాధ" అన్నాడు.

"సున్నా నుంచి పది దాకా లెక్కేస్తే, తిండి మార్చుకోవాలని మీకు ఎంత ఉంది?"

"నాలుగు వేసుకోండి."

పాత రోజుల్లో అయితే "నాలుగేనా?" అని గద్దించేవాణ్ణి. ఈసారి, "సున్నా అనకుండా నాలుగెందుకన్నారు?" అని అడిగాను.

ఆయన కాసేపు కాలి కట్టు వంక చూశాడు. "మనవరాలి పెళ్ళికి నా కాళ్ళ మీద నేను నడవాలండీ" అన్నాడు.

ఏ వైద్య గ్రంథంలోనూ ఆ కారణం నాకు దొరికేది కాదు. అప్పుడు, "మీలాంటివాళ్ళకు పనికొచ్చినవి రెండు మూడున్నాయి, చెప్పమంటారా?" అని అడిగాను. అడిగి చెప్పడం వేరు, అడగకుండా చెప్పడం వేరు. అన్నం ఒక్కసారిగా మానక్కరలేదనీ, కొలత తగ్గించి, ఆ ఖాళీలో బీరకాయ, దొండకాయ, ఆకుకూరలు, పప్పు పెంచవచ్చనీ చెప్పి, "ఇందులో మీకు వీలయ్యేది ఏది?" అన్నాను. టీలో పంచదార మానడం తేలిక అన్నాడు. రాత్రి అన్నం సగం చేస్తానన్నాడు. పొలానికి చెప్పులు వేసుకుంటానన్నాడు. మధ్యాహ్నం భోజనం జోలికి మాత్రం రావద్దన్నాడు. సరేనన్నాను.

మూడు నెలలకు చక్కెర మామూలు స్థాయికి రాలేదు కాని, బాగా దిగింది. సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ వచ్చి, "అరిసెలు తిన్నానండి. పెరిగి ఉంటుంది. అందుకే ముందుగా వచ్చాను" అన్నాడు. పెరిగింది కూడా. కాని నాకు సంతోషమే కలిగింది. పథ్యం తప్పినందుకు మొహం చాటేసిన మనిషి, ఇప్పుడు పథ్యం తప్పినందుకే నా దగ్గరికి వచ్చాడు.

అందరూ ఇలా మారతారని చెప్పను. ఆటోనగరులో లారీ బాడీలు కట్టే మేస్త్రీ ఒకాయన, సిగరెట్టు మాట ఎత్తగానే "అదొక్కటి అడక్కండి" అన్నాడు. "మీ ఇష్టం. ఎప్పుడైనా మాట్లాడాలనిపిస్తే రండి" అన్నాను. ఎనిమిది నెలల తరువాత తానే వచ్చాడు. ఇప్పుడు రోజుకి ఇరవై నుంచి ఆరుకు దిగాడు. తగ్గించడం చాలదు, పూర్తిగా మానాలని ఆయనకీ తెలుసు. పొగాకు మానదలచినవారికి సలహా చెప్పే ప్రభుత్వ ఫోను నంబరు 1800-11-2356 ఆయన జేబులో ఉంది.

మీరు చేయవలసింది

మన దేశంలో షుగరు ఉన్నవారు 10 కోట్లు దాటారని భారత వైద్య పరిశోధనా మండలి పరిశీలన 2023లో తేల్చింది. కాబట్టి ఈ సంగతి ఏ ఒక్క ఇంటిదీ కాదు.

ఇంట్లోవాళ్ళకు ముందు చెబుతాను. "ఎన్నిసార్లు చెప్పాలి?" అనే మాట ఒక నెలపాటు కట్టిపెట్టండి. "మీకు ఏది కష్టంగా ఉంది?" అని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగండి. చేసిన చిన్న పనిని గుర్తించండి. "ఇవాళ చక్కెర లేకుండా తాగారే" అన్న మాట వంద దెప్పుళ్ళ కంటే మేలు చేస్తుంది. ఇంటిల్లిపాదీ కూర ఎక్కువ, అన్నం తక్కువ తింటే పెద్దాయన కంచం ఒక్కటే వేరుగా కనిపించదు.

ఇక మీకే జబ్బు ఉంటే, డాక్టరు దగ్గర అబద్ధం చెప్పకండి. మానలేకపోతే మానలేకపోయానని చెప్పండి. వెళ్ళడం మాత్రం మానకండి. "నేనెందుకు బాగుండాలి?" అని ప్రశ్నించుకుని, జవాబు పైకి అనండి. ఒక్క మార్పుతో మొదలు పెట్టండి. రోజూ రాత్రి పాదాలు చూసుకోండి.

రెండు హెచ్చరికలు. ఇన్సులిను గాని, షుగరు మాత్రలు గాని వాడుతూ అన్నం బాగా తగ్గిస్తే చక్కెర ఒక్కసారిగా పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం జరగవచ్చు. డాక్టరుకు చెప్పి మోతాదు సరిచేయించుకున్నాకే తగ్గించండి. రెండోది, గుండెలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, పుండుతో జ్వరం వచ్చినా, ఈ ప్రశ్నలూ జవాబులూ కట్టిపెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

ఆ రైతు మనవరాలి పెళ్ళి పోయిన వైశాఖంలో జరిగింది. నేనూ వెళ్ళాను. ఆయన చెప్పులు వేసుకుని, కాస్త కుంటుతూ, పందిట్లో అందరినీ పలకరిస్తూ తిరుగుతున్నాడు. నన్ను చూసి దగ్గరికి వచ్చి, "ఇవాళ మాత్రం పూర్ణాలు రెండు తింటానండి. ముందే చెబుతున్నా" అన్నాడు.

"ఒకటి నాకివ్వండి బాబాయి గారూ" అన్నాను.